వీధి వైపు మైకు

"తల్లిదండ్రులను లోపలికి రానివ్వరంట నాన్నా" అని చెప్పి, నాన్నను కాలేజీ గేటు బయట ఆటోలోనే ఉంచాను. పత్తి లారీ మీద నుంచి పడ్డప్పటి నుంచి ఆయన నడవలేరు. ఎక్కడికైనా ఇద్దరు ఎత్తుకెళ్ళాలి.

"పోమ్మా, నాకేంది? ఈడే కూర్చుంటా" అన్నారు.

వక్తృత్వ పోటీలో నా అంశం వ్యోమగాములు. నెలల తరబడి అంతరిక్ష కేంద్రంలో తేలుతూ గడిపినవాళ్ళు భూమికి తిరిగొచ్చాక వెంటనే నడవలేరని చెప్పాను.

"క్యాప్సూల్‌లోంచి నలుగురు పట్టుకుని బయటికి తీస్తారు. లోకమంతా చూస్తుండగా మోసుకెళ్తారు. అందులో సిగ్గేముంది? అంత దూరం వెళ్ళొచ్చినవాళ్ళు కదా!"

హాలంతా చప్పట్లు. మొదటి బహుమతి నాకే వచ్చింది.

కప్పు పట్టుకుని ఆటో దగ్గరికి పరుగెత్తాను. నాన్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"అంతా ఇన్నానమ్మా. చానా బాగా చెప్పావు."

అప్పుడు తలెత్తి చూశాను. మాచర్లలో ఏ సభ జరిగినా ఒక మైకు గొట్టాన్ని వీధి వైపు తిప్పి కడతారు. అది సరిగ్గా ఆటో పైనే ఉంది.

ఇంతలో గేటు బార్లా తెరిచారు. నా క్లాసు అమ్మాయిలు అమ్మానాన్నలతో నవ్వుకుంటూ బయటికి వస్తున్నారు. నాన్న కాసేపు వాళ్ళనే చూశారు. కప్పును ఒళ్ళో పెట్టుకుని, ముందుకు వంగి డ్రైవర్ భుజం తట్టారు.

"తొందరగా పోనియ్ మస్తానూ. అమ్మాయి ఫ్రెండ్స్ ఇటే వస్తన్నారు."