బంతిలోంచి లేపేసిన మనిషి

"పొద్దుట్నుంచీ ఒక్క ఇటుక మొయ్యలేదు, బంతిలో మాత్రం ముందే కూర్చున్నాడు!"

దేవసహాయం అరుపుకి వడ్డిస్తున్న అన్నమ్మ చెయ్యి ఆగిపోయింది.

అది 1926. కోడూరు పక్క పల్లెలో చర్చి కడుతున్నారు. ఏడాదిగా ఇంటికో మనిషి వచ్చి ఇటుకలు మోస్తున్నాడు, సున్నం గానుగ తిప్పుతున్నాడు. కూలి లేదు. పని చేసినవాళ్లకి మధ్యాహ్నం బంతి భోజనం. చేయనివాళ్లకి విస్తరి వేయకూడదని కట్టుబాటు.

ఆ కట్టుబాటు పెట్టింది సంఘపెద్ద దేవసహాయమే. మనిషి ముక్కుసూటి. కోపం కూడా ఆ ముక్కు మీదే ఉంటుంది.

వచ్చే ఆదివారమే ప్రతిష్ఠ. ద్వారం మీది ఆర్చికి పెట్టిన ఆసరా కర్రలు తీసేస్తే పని అయిపోయినట్టే. దాని కింద నుంచి పిల్లాపాపలతో లోపలికి నడవాలని పల్లెంతా ఎదురుచూస్తోంది.

ఈ కొత్త మనిషి పొద్దున పడవ దిగాడు. దుప్పటి కప్పుకుని, ఆర్చి వంక చూస్తూ కూర్చున్నాడు. అంతే.

"అమ్మా, నాలుగు ముద్దలు నోట్లో పెడతావా?" అని అతను అన్నమ్మని మెల్లగా అడిగాడు.

అది విని దేవసహాయానికి ఒళ్లు మండిపోయింది.

"తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు! తినడానికీ బద్ధకమేనా? లే!"

బంతి బంతంతా నవ్వింది. అతని మొహం చిన్నబోయింది. మెల్లగా లేచాడు.

"వెళ్తానండీ. ఆ కర్రలు మాత్రం అప్పుడే తియ్యకండి. కుడిపక్క సున్నం ఇంకా పచ్చిగానే ఉంది."

"చెయ్యి కదపనోడివి, నువ్వా మాకు చెప్పేది?"

అతను కాలవగట్టు వెంట వెళ్లిపోయాడు. ఆ కోపంలోనే దేవసహాయం కర్రలు తీయించాడు.

ఆర్చి ఒక్కసారిగా కూలింది. కింద ఉన్నవాళ్లు వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. ఏడాది కష్టం కళ్లముందే కుప్పయ్యేసరికి ఆడవాళ్లు గొల్లుమన్నారు.

సాయంత్రం పాస్టరు జకరయ్య గారు వచ్చి, ఆ కుప్పని చూసి నిర్ఘాంతపోయారు.

"ఇదేంటి దేవసహాయం! ఆర్చి చూసి చెప్పమని బందర్లో ఒక పెద్దాయన్ని పడవెక్కించానే, రాలేదా?"



"దుప్పటి కప్పుకుని ఒకాయన వచ్చాడు అయ్యగారూ. అన్నం తినిపించమన్నాడు. బంతిలోంచి లేపేశాను."

జకరయ్య గారు ఆ ఇటుకల మీదే కూలబడ్డారు.

"ఎంత పని చేశావయ్యా! కిందటేడు ఇలాగే ఒక ఆర్చి కూలుతుంటే, ఆరుగురు కూలీలని బయటికి నెట్టి, తన రెండు చేతులూ పోగొట్టుకున్న మేస్త్రి ఆయన."