చెవిలో ఊపిరి

ఆమె చెవిలో పరీక్ష యంత్రం తాలూకు మెత్తటి బిరడా బిగించి, "ఊపిరి పీల్చండి, పెద్దమ్మా" అన్నాను. తెరమీద గీత ఆమె ఊపిరితో పాటే లేచి పడింది. ముక్కు వెనకనుంచి చెవికి వెళ్ళే సన్నటి గొట్టం, గుటక వేసినప్పుడే తెరుచుకోవాలి. ఆమెది మూతపడటమే మరిచిపోయింది.

"మీ ఊపిరే మీకు వినిపిస్తోంది. కంగారేం లేదు, పడుకుంటే తగ్గుతుంది."

"తెలుసమ్మా. అందుకే కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నా."

తికమకపడి తిరగేసి చెబుతోందనుకున్నాను.

"ఇది దానంతటదే పోతుందా?" బెదురుగా అడిగింది.

"పోకపోతే మేమున్నాంగా! చిన్న వైద్యంతో మూసేస్తాం."

ఆమె గబుక్కున అరచేత్తో చెవి కప్పుకుంది.

"వద్దు తల్లీ. మీ పెదనాన్న పోయాక ఇన్నాళ్ళకి, పక్కన ఇంకొకరు ఊపిరి తీస్తున్నట్టుంటోంది."