అయిదు ఖాళీ గళ్ళు

"నలభై రెండు రూపాయల షేరును సున్నా చేసి కూర్చోబెట్టావేంటమ్మా రూతూ?"

మద్రాసు నుంచి ఆ ఉదయమే రైల్లో వచ్చిన వెడల్పాటి కాగితాన్ని బసవపున్నయ్య బల్ల మీద పరిచాడు. కలువగట్టు నూలుమిల్లు షేరు ధరను, రోజుకో చుక్క చొప్పున, కంప్యూటరు అచ్చువేసిన గ్రాఫు అది. నలభై రెండు దగ్గర హాయిగా సాగుతున్న చుక్కలు చివరి అయిదు రోజులూ నేలమట్టమయ్యాయి.

ఇంగ్లీషు పేపర్లో ధరలు చూసి గళ్ళ కాగితంలో ఎక్కించడం, వాటిని చదివి గ్రాఫు వేసే ప్రోగ్రాము ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటరు భాషలో రాయడం, మద్రాసులోని కంప్యూటరుకు పంపించడం, అన్నీ రూతు పనులే. బసవపున్నయ్యకు ధాన్యం తెలుసు, బియ్యపు మిల్లు తెలుసు. ఇంగ్లీషు తెలీదు, ఫోర్‌ట్రాన్ తెలీదు. తెలీదని ఒప్పుకోవడం అసలే తెలీదు.

"ఆ అయిదు రోజులూ పేపర్లో ధర లేదండి. గళ్ళు ఖాళీగా వదిలాను. ఖాళీ గడిని మెషీను సున్నా అనే చదువుతుంది."

"లేకపోవడమేంటి? నీకు కనపళ్ళేదని చెప్పు."

"పేపర్లు తెచ్చి చూపిస్తానండి. అసలా మిల్లు సంగతి..."

"నీ పని అంకెలు ఎక్కించడం. పేపర్లో లేని సంగతులు నా దగ్గర ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

ఎదుటి కుర్చీలో వెంకటకృష్ణారావు గొంతు సవరించుకున్నాడు. ఆ మిల్లు షేర్లే అయిదు వందలు, ముప్పై చొప్పున అమ్ముతానంటూ గవర్నరుపేటలోని ఈ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చిన మనిషి.

"లారీ కొంటున్నానండి, రొక్కం కావాలి. మీకు అనుమానమైతే వద్దులెండి. బెజవాడలో కొనేవాళ్ళకేం కొదవ?"

నలభై రెండుది ముప్పైకి. బసవపున్నయ్య ప్రాణం గిలగిల్లాడింది.

"కూర్చోండి సార్. ఈ పిల్ల తప్పుకు మీరు లేచిపోవడమేంటి?" అని రూతు వైపు తిరిగాడు. "తప్పు నీదేనని ఆయన ముందు ఒప్పుకో."

రూతు వెంకటకృష్ణారావు ముఖంలోకి సూటిగా చూసింది. ఆయన కాఫీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"నేను తప్పు చెయ్యలేదండి."

"అయితే రేపట్నుంచి రావద్దు."

బసవపున్నయ్యకు ఒళ్ళు మండిపోతోంది. పెన్ను తీసి, కింద పడిన అయిదు చుక్కల్నీ కొట్టేసి, నలభై రెండు దగ్గర తన చేత్తో అయిదు చుక్కలు పెట్టాడు. గ్రాఫు తిన్నగా తయారైంది. వెంటనే ఇనప్పెట్టె తెరిచాడు. వెంకటకృష్ణారావు చకచకా సంతకాలు పెట్టి, పదిహేను వేలూ సంచిలో వేసుకుని, కాఫీ సగంలో వదిలేసి మెట్లు దిగిపోయాడు.

"చూశావా? నీ సున్నాలు నమ్ముకునుంటే ఈ బేరం పోయేది."

రూతు టిఫిను క్యారేజీ చేతిలోకి తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇప్పుడు నేను మీ మనిషిని కాదు కదండీ. పేపర్లో లేని సంగతి చెప్పొచ్చా?"

"చెప్పి ఏడు."

"మా నాన్న ఆ మిల్లులో వాచ్‌మెనండి. పేపర్లో ధర ఆగిపోయిన రోజునే ఆయన చేత గేటుకు తాళం వేయించి, కూలీలందర్నీ ఇళ్ళకు తరిమింది ఇప్పుడు మీ సొమ్ము పట్టుకెళ్ళిన మేనేజరు గారే."