‘మా ఆయన’ మాయం

పెళ్లాం నోరు మూయించడం తన వల్ల కాదని తేలిపోయాక, దేశం మొత్తానికీ ఆ వెబ్‌సైట్ మూయించాలని గుమాస్తా నిర్ణయించుకున్నాడు.

దాని పేరు ‘మా ఆయన’. ఎవరో ఇల్లాలు పేరు చెప్పకుండా రోజుకో ముక్క రాస్తుంది. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మొగుడు. బల్లిని చూసి మంచమెక్కే మొగుడు. మొన్నటికి మొన్న బొత్తాం కుట్టుకోబోయి, చొక్కాని పరుపుతో కలిపి కుట్టేసిన మొగుడు! జనం పడీ పడీ నవ్వారు. గుమాస్తాకి మాత్రం చెమటలు పట్టాయి.

ఆ పరుపు వాళ్లింటిదే.

“ఎవరి మొగుడో గానీ అచ్చం మీలాగే ఉన్నాడండీ!” అంది భార్య, ఫోన్లోంచి తలెత్తకుండా.

“నువ్వే రాస్తున్నావు కదూ?”

“అంత తీరికే ఉంటే ఆ బొత్తామేదో నేనే కుట్టేదాన్నిగా!”

ఏ దొంగ ఒప్పుకుంటుంది గనక? ఆఫీసులో భోజనాల దగ్గర ఈ ఘనకార్యాలన్నీ తోడల్లుడివని చెప్పి పైవాళ్లతో సహా అందర్నీ నవ్విస్తుంటాడు గుమాస్తా. అసలు మనిషి తనేనని బయటపడితే మళ్లీ ఆ గుమ్మం తొక్కగలడా?

అదృష్టం కొద్దీ అతని ఉద్యోగమే సైట్లు మూయించే ఆఫీసులో. మూయాల్సిన వాటి పేర్లు టైపు చెయ్యడం అతని పని, సంతకం సూపరింటెండెంటుది. ఆయన బుంగమీసాల బ్రహ్మచారి. పెళ్లి మాటెత్తితే ఆమడ దూరం పరిగెడతాడు. కాగితం చదివి సంతకం పెట్టిన పాపాన పోలేదు.

“రహస్య పత్రం కదటయ్యా! నేను చదివేస్తే ఇంకేం రహస్యం?” అంటాడు.

గుమాస్తా చివర్న ఒక్క పేరు ఇరికించాడు. సాయంత్రానికి ‘మా ఆయన’ మాయం.

మర్నాటికి ఆఫీసు ముందు ఆడవాళ్లు బారులు తీరారు. ఎందుకు మూశారంటే, అది దేశ భద్రతట. ఎలాగంటే, అడగకూడదట. ప్రజాస్వామ్యం కాబట్టి ఒక్క దారి ఉంచారు: రాసిన మనిషి స్వయంగా వచ్చి అర్జీ పెట్టుకుంటే తెరుస్తారట. “ఆ ఇల్లాలు రావాలి!” అని బయట ఒకటే కేకలు.

సూపరింటెండెంటు గుమాస్తాని పిలిచి తలుపేశాడు. ఆయన కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

“ఇది ఇరికించింది నువ్వేనా?”

గుమాస్తా కాళ్ల మీద పడ్డాడు. “తప్పయిపోయిందండీ! ఆ మొగుణ్ణి నేనేనండీ, తోడల్లుడు కాదు. రాసేది మా ఆవిడ. ఇప్పుడే తీసుకొచ్చి అర్జీ పెట్టిస్తాను.”

“నువ్వా!” ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “మీ ఆవిణ్ణి ఏమీ అనకు. రాసింది ఆవిడ కాదు.”

“అయితే ఆ రాసినావిడనే రమ్మనండి. ఒక్క పూటలో తెరిపిద్దాం.”

సూపరింటెండెంటు కిటికీలోంచి ఆ ఆడవాళ్లందర్నీ ఓసారి చూసి, మీసాలు రెండు చేతులతో కప్పుకున్నాడు.

“ఏ మొహం పెట్టుకుని రమ్మంటావయ్యా? ఆ ఇల్లాలిని నేనే!”