నోట రాని పేరు

"పేరు చెప్పమ్మా! పార్సిల్ ఎవరి పేరున ఉందో చెబితేనే తెస్తాను."

నారిన్ పట్నం నుంచి ఫోన్లో కొరియర్ అతను గదమాయిస్తున్నాడు. వాకిట్లో నిలబడ్డ కోడలికి ముచ్చెమటలు పోస్తున్నాయి. పార్సిలేమో మామగారి పేరున ఉంది. మామగారి పేరు కోడలి నోట రావడమే! కిర్గిజ్ కొండలు కూలిపోవూ!

"మా మామయ్యగారిదేనండీ."

"ఊరినిండా మామయ్యలే. పేరు?"

"ఏట్లో గట్టిగా ఉంటుంది చూడండి, తగిలితే బొటనవేలు చిట్లుతుంది. అది ముందు. కమ్మరి ఎర్రగా కాల్చి బాదేది దాని వెనక."

"పొడుపుకథలు విప్పే తీరిక నాకు లేదు తల్లీ!"

పాపం, ఆవిడ మాత్రం అంతకంటే ఏం చెబుతుంది? వాళ్ల భాషలో తాష్ అంటే రాయి, తెమిర్ అంటే ఇనుము. మామగారు తాష్‌తెమిర్.

ఇంతలో లోపల్నుంచి ఆయన కేక. "గుల్నారా! వచ్చిందెవరే? వాకిట్లో నిలబెడతావేం, టీకి పిలువు!"

చెవుడు కదా, కోడలి పెదాలు కదలడం కనిపించిందే గానీ, వచ్చింది మనిషో ఫోనో తెలియదు.

"గుల్నారానా? ఆ పేరున నా దగ్గరేమీ లేదు" అన్నాడు కొరియర్ అతను. "ఒక్క పెట్టె కోసం ఆ కనుమ ఎక్కితే నా బండి నడుం విరుగుతుంది. తిప్పి పంపించేస్తా."

ఫోన్ పెట్టేశాడు. మెసేజ్ పెడదామంటే సిగ్నల్ కూడా పోయింది. కోడలు మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

ఆ పెట్టెలో ఉన్నది చెవి మిషను. పెళ్లై ఈ ఇంటికొచ్చేసరికే మామగారికి చెవులు వినబడవు. ఆయన ముందు గొంతు పెంచడం మర్యాద కాదు గనక, ఇన్నేళ్లూ అన్నీ సైగలతోనే నెట్టుకొచ్చింది. మొన్నొక ఇంట్లో చావు కబురు చెబుతుంటే ఈయన పరాచికమనుకుని పకపకా నవ్వాడు. ఆ సిగ్గుతో గడప దాటడమే మానేశాడు. మనిషి లోలోపలే ఎండిపోతున్నాడు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో పోస్టు జీపు ఆగింది.

"సుయుంచు! సుయుంచు! మంచి కబురు తెచ్చా, ముందు నా బహుమానం పట్రా!" అంటూ పోస్టు కానిషాయ్ దిగింది. చంకలో పెట్టె.

కోడలు ఆ పెట్టె చూసి బెదిరిపోయింది. "పేరు చెప్పాలా అక్కా?"

"నువ్వు మింగేసిన పేరు నేను చెబుతాలేవే, ఈ ఊరి ఆడపడుచుని! తాష్‌తెమిర్ బాబాయ్‌ది. సంతకం పెట్టు."

"తిప్పి పంపేస్తానన్నాడే ఆయన?"

"కొండ ఊళ్ల పెట్టెలన్నీ ఇకమీదట పోస్టుకే ఇచ్చేయమని నిన్న సాయంత్రమే వాళ్ల కంపెనీ చెప్పిందట. పింఛన్లు పట్టుకుని నేనెలాగూ ఈ కనుమ ఎక్కేదాన్నేగా! ఒకే ఊరికి రెండు బళ్లెందుకు, దుమ్ము రేపడానికా? మా ఆఫీసులో పెట్టెలు దించేసి, బతికించారక్కా అని ఊపిరి పీల్చుకున్నాడు మీ కొరియర్‌వాడు."

కోడలు కళ్లు తుడుచుకుని, ఎండబెట్టిన పెరుగు ఉండల సంచీ ఒకటి ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ కలిసి మిషను తాష్‌తెమిర్ తాత చెవికి తగిలించారు.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. తాత ఉలిక్కిపడి అటు తిరిగాడు. చెట్టు మీద పిచ్చుక అరిచింది. ఆయన ఆ వైపు చెవి ఒగ్గాడు.

"పిచ్చుకే! నా తల్లే, పిచ్చుక!" రెండరచేతులూ పైకి చాచి కానిషాయ్‌ని దీవించాడు. "నీ కడుపు చల్లగుండ! నీ జీపు ఏ బురదలోనూ దిగబడకుండుగాక! మీ పోస్టాఫీసు నూరేళ్లు నిలవాలి!"

కానిషాయ్‌కీ కళ్లు చెమ్మగిల్లాయి. దాన్ని దాచుకోవడానికి వంటింటి వైపు తిరిగి అరిచింది. "గుల్సైరా! దీవెనలతోనే కడుపు నింపుతారా ఏంటే? టీ పట్రా!"

"వస్తున్నా అక్కా!"

తాత గది నలుమూలలా చూశాడు. "గుల్సైరా ఎవరే?"

"అదేంటి బాబాయ్! నీ కోడలేగా, ఇంకెవరు?"

తాత వెనక్కి తిరిగాడు. టీ గిన్నెతో గుమ్మంలో తలొంచుకు నిలబడ్డ కోడలి వంకే చూస్తూ, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగాడు.

"మరి ఇన్నేళ్లూ నేను గుల్నారా అని పిలిచినప్పుడల్లా పరిగెత్తుకొచ్చిందెవరమ్మా?"