సుద్దరంగుల ముఖం

"దూరం పెద్దమ్మా, దూరం! ముక్కు తగిలిస్తావా ఏంది?"

వెంకటేశ్వరి తుడుపుకర్ర పక్కన పడేసి పరిగెత్తింది.

కువైట్‌లోని సబ్హాన్‌లో పాత గోడౌనును బొమ్మల హాలు చేశారు. అక్కడ ఊడ్చి తుడిచే పని ఆమెది. ముసలామె ఆనుకోబోతున్న ఈ గోడబొమ్మకు అద్దం లేదు. దానికి వేసినవి సుద్దరంగులనీ, ఊపిరి గట్టిగా తగిలినా రాలతాయనీ సూపర్‌వైజర్ ఉదయ్‌కుమార్ రోజూ భయపెడుతున్నాడు.

నల్ల బురఖాలోని ముసలామె నవ్వింది. "అబ్బ, మన కడప మాటే! నాది రాయచోటి పాపా. నూర్ బీ అంటారు."

"యా ఊరైతే ఏంలే. రంగు రాలిందంటే నా పని ఖలాస్."

"ఈయమ్మ ఎవురు పాపా? యాడ్నో చూసినట్టుండాది. నిన్న గూడా వచ్చి చూస్తి. గుర్తుకు రాలే."

బొమ్మలో ఒకామెది నీలం ముఖం. ఆకుపచ్చ జుట్టు. చుట్టూ కాడలు లేని పూలు గాల్లో తేలుతున్నాయి. కళ్ళు మూసుకుని ఉంది. వెంకటేశ్వరికీ ఏమీ అంతుపట్టలేదు.

"సచ్చిపోయినామె ఏమో."

"కాదులే. నిద్ర గూడా పోలేదు. దొంగనిద్ర."

"నీకెట్ల తెలుసు?"

"ఏమో..." నూర్ బీ తికమకపడింది. "ఎన్ని ఇండ్లల్లో చేసినానో, ఎంతమంది పిల్లోల్లను సాకినానో! అన్నీ కలిసిపోయినాయి. రేపు ఊరికి పోతాండా, మళ్ళా రాను. ఇంకొంచేపు చూడనీ."

అవతల ఉదయ్‌కుమార్ బూట్ల చప్పుడు వినిపించింది.

"యల్లా, పో పెద్దమ్మా! నా కడుపు కొట్టొద్దు."

భుజం పట్టి గేటు దాటించింది. నూర్ బీ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ బస్సెక్కింది.

ఉదయ్‌కుమార్ వెంట బొమ్మ గీసిన కువైటీ ఆవిడ వచ్చింది. అరబ్బీలో ఏదో అడిగింది.

"ఈ బొమ్మ దగ్గర ఎవరైనా ఆగిపోయారా అంటున్నారు," అన్నాడతను.

"లేదు సార్! ఎవురినీ నిలబడనీలే," అంది వెంకటేశ్వరి గబగబా.

ఆవిడ ముఖం వాడిపోయింది. తలూపి వెళ్ళిపోయింది.

"బొమ్మలో ఆమె ఎవురు సార్?"

"ఈవిడని చిన్నప్పుడు పెంచిన ఆయా అంట. పేరు కూడా గుర్తులేదు. పాప పడుకోవాలని తనే ముందు కళ్ళు మూసుకునేదట. పాపేమో పడుకోకుండా ఆ ముఖాన్నే చూస్తుండేదట. ఓ పొద్దున లేచేసరికి మనిషి లేదు. ఎప్పటికైనా వస్తుందని ఎక్కడ బొమ్మలు పెట్టినా దీన్నీ పెడతారు."

వెంకటేశ్వరి గేటు వైపు చూసింది. బస్సు ఎప్పుడో పోయింది.

నూర్ బీ ముఖం తలుచుకుంది. మనసులోనే ఆ ముఖానికి కళ్ళు మూసి చూసింది. అచ్చం బొమ్మలోని ముఖమే.

కళ్ళు మూసుకున్న తన ముఖాన్ని ఎన్నడూ చూసుకోని ఆ తల్లి, నిన్నా ఇవాళా తననే ఎవరోననుకుని చూసిపోయింది.