అయిదు వోల్టుల బొమ్మ

చీరాలలో ఇళ్లన్నిటికీ పైకప్పు మీది సోలార్ పలకల నుంచి నలభై ఎనిమిది వోల్టుల కరెంటు వచ్చిన వారానికే దానియేలు పొరపాటు చేశాడు. చనిపోయిన కూతురి గొంతుతో రోజూ "నాన్నా, లెగు" అని పిలిచే పాత బొమ్మను, వోల్టేజి తగ్గించే కన్వర్టర్ లేకుండానే గోడ ప్లగ్గుకు తగిలించాడు. అది అయిదు వోల్టుల బొమ్మ. మాడిపోయింది.

భార్య సువార్త దాన్ని రిపేరు షాపుకు తీసుకెళ్లింది. మెకానిక్ కన్వర్టర్ అమర్చాడు. బొమ్మ కళ్లు వెలిగాయి కానీ గొంతు పెగల్లేదు.

"మెమరీ కాలిపోయిందక్కా. ఇంక మాటలు రావు," అన్నాడు తల వంచుకుని.

మూడు రోజులుగా ముద్ద ముట్టని దానియేలు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"పలికిందా?"

సువార్త బొమ్మున్న సంచిని పక్కన పెట్టింది. "పలుకుద్దంటయ్యా. పార్టు హైదరాబాదు నించి రావాలంట. ముందు నువ్వు అన్నం తిను."

అతను కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద కలుపుతూ అడిగాడు. "ఎన్నాళ్లు పడుద్దంట?"

సువార్త కూర తెచ్చే వంకతో మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.